చిన్న కారు – చేయూత

పాఠ్యభాగ నేపథ్యం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. యంత్రాలు పాతబడటం, వాటి స్థానంలో కొత్తవి రావడం లోకసహజం. అయితే తయారీ నిలిచిపోయి దశాబ్దాలు గడిచినా ఇటలీలో పుట్టిన కొన్ని చిన్న కార్లు నేటికీ రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. వాటిని నిలబెట్టింది కర్మాగారం కాదు. వాటి యజమానులు ఒకరికొకరు అందించుకొన్న సహాయం. ఆ సహాయం ఏ విధంగా రూపుదిద్దుకొన్నదో, దానిలో ఎదురయ్యే సమస్యలేమిటో, మన దేశానికి దానితో గల సంబంధమేమిటో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మనిషి చేసిన ప్రతి వస్తువుకు రెండు జీవితాలు ఉంటాయి. తయారుచేసినవారి చేతిలో గడిచేది మొదటిది. వాడుకొనేవారి చేతిలో గడిచేది రెండవది. మొదటి జీవితం కొన్ని గంటలలోనో, కొన్ని రోజులలోనో ముగుస్తుంది. రెండవది ఎంతకాలం సాగుతుందన్నది వాడేవారి శ్రద్ధ మీద ఆధారపడి ఉంటుంది. మన ఇళ్లలో తాతలనాటి గోడగడియారమో, కుట్టుమిషనో ఇప్పటికీ పనిచేస్తున్నదంటే దాని వెనుక ఒకరి ఓపిక, మరొకరి పనితనం ఉన్నాయన్నమాట. కుట్టుమిషను వంటి చిన్న యంత్రాన్ని ఒక్క మనిషి కాపాడుకోగలడు. వేలాది భాగాలతో కూడిన కారును కాపాడుకోవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఈ సత్యాన్ని అనుభవంలో గ్రహించి, ఒకరికొకరు చేయూతనిచ్చుకొంటూ వచ్చినవారు ఇటలీ పాత చిన్న కార్ల యజమానులు.

ఉత్తర ఇటలీలోని టురిన్ నగరంలో 1899లో ఫియట్ సంస్థ ఏర్పడింది. తొలినాళ్లలో కారు సంపన్నుల సొత్తు. సామాన్య కుటుంబానికి అందుబాటులో ఉండే వాహనాన్ని తయారుచేయాలనే ఆలోచనతో ఆ సంస్థ 1936లో ‘ఫియట్ 500’ అనే చిన్న కారును విడుదల చేసింది. దాని రూపకల్పనలో ప్రధానపాత్ర వహించిన ఇంజనీరు దాంతే జాకోజా (1905–1996). 569 సి.సి. ఇంజనుతో నడిచే ఆ కారును ప్రజలు ముద్దుగా ‘టొపొలీనో’ అని పిలిచారు. ఇటాలియన్ భాషలో ఆ మాటకు చిట్టెలుక అని అర్థం. మిక్కీ మౌస్‌ను కూడా అక్కడివారు ఆ పేరుతోనే పిలుస్తారు. 1955 వరకు ఐదు లక్షలకు పైగా టొపొలీనోలు తయారయ్యాయి.

రెండవ ప్రపంచయుద్ధం ఇటలీని కుంగదీసింది. యుద్ధానంతరం జీవనోపాధి కోసం పల్లెల నుండి పట్టణాలకు వలస వచ్చిన కుటుంబాలకు చవకైన వాహనం అవసరమైంది. 1946లో వచ్చిన వెస్పా స్కూటరు ఆ అవసరాన్ని కొంతవరకు తీర్చింది. కాని స్కూటరుకు పైకప్పు లేదు. ఒకే స్కూటరు మీద తల్లిదండ్రులు, పిల్లలు ఇరుకుగా కూర్చొని వానలో తడుస్తూ ప్రయాణించే దృశ్యం మనకూ కొత్త కాదు. ఆ కుటుంబాన్ని ఒక కప్పు కిందికి చేర్చడమే లక్ష్యంగా జాకోజా బృందం 1955లో ‘ఫియట్ 600’ను, 1957 జులై 4న ‘నువోవా 500’ను, అనగా ‘కొత్త 500’ను ప్రజల ముందుంచింది. ఇటాలియన్ భాషలో ఐదు వందలను ‘చింక్వెచెంతో’ అంటారు. ఆ అంకెయే ఆ కారుకు ముద్దుపేరుగా స్థిరపడింది.

కొత్త 500 పొడవు మూడు మీటర్లకు కొంచెం తక్కువ. వెనుక భాగంలో అమర్చిన 479 సి.సి. ఇంజను కేవలం 13 అశ్వశక్తిని ఇచ్చేది. గంటకు సుమారు 85 కిలోమీటర్లు దాని గరిష్ఠవేగం. ఇంజనుకు రెండే సిలిండర్లు. దాన్ని చల్లబరిచేది నీరు కాదు, గాలి. అందువల్ల రేడియేటరు, నీటి గొట్టాలు అవసరం లేకపోయాయి. పైకప్పులో కొంతభాగం ఇనుపరేకుకు బదులు మడతపెట్టే గుడ్డతో చేశారు. దానివల్ల ఇనుము ఆదా అయింది, బరువు తగ్గింది, ఎండకాలంలో గాలీ వచ్చింది. ఏది తీసివేసినా కారు కారుగానే మిగలాలి, ధర మాత్రం తగ్గాలి అన్నదే ఆ రూపకల్పనలోని సూత్రం. ఈ పొదుపులోని అందాన్ని గుర్తించి 1959లో ఆ కారుకు ‘కంపాస్సో దోరో’ అనే ప్రతిష్ఠాత్మక రూపకల్పన పురస్కారాన్ని ఇచ్చారు. 2017లో న్యూయార్కులోని ఆధునిక కళాప్రదర్శనశాల 1968 నాటి 500 ఎఫ్ కారును తన సేకరణలో చేర్చుకొన్నది.

1975లో సిసిలీ ద్వీపంలోని తెర్మినీ ఇమెరేసే కర్మాగారంలో 500 తయారీ ముగిసింది. అప్పటికి తయారైన కార్లు 38 లక్షలకు పైమాటే. ఎన్నో కుటుంబాలకు అది మొదటి కారు. పిల్లలను బడికి దించినది, వేసవిలో సముద్రతీరానికి చేర్చినది, పెళ్లికూతురిని చర్చికి తీసుకువెళ్లినది అదే. అందుచేత దాన్ని అమ్మివేయడానికి మనసొప్పని యజమానులు అనేకమంది. తాతకారును తన చేతికి తీసుకొని నడపాలని ఉత్సాహపడే మనుమలూ ఉన్నారు. అయితే మనసు ఒప్పకపోవడం వేరు, కారును నడిచే స్థితిలో ఉంచడం వేరు. తయారీ నిలిచిన తరువాత ఏళ్లు గడిచేకొద్దీ కంపెనీ నుండి విడిభాగాలు రావడం తగ్గుతుంది. ఆ కారుతో చేయి తిరిగిన మెకానిక్కులు వయసు మీరి పని మానుకొంటారు. కొత్తగా పని నేర్చినవారికి కొత్త కార్ల సంగతే తెలుసు. పాత యంత్రానికి నిజమైన వృద్ధాప్యం ఇక్కడే మొదలవుతుంది.

పాతకారుకు మొదటి శత్రువు తుప్పు. 500లో పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ ముందుభాగంలో ఉంటాయి. బ్యాటరీ నుండి కారిన ఆమ్లం కింది రేకును తినివేస్తుంది. తలుపుల కింది పట్టీలలోకి, నేలరేకు అతుకులలోకి చేరిన వాననీరు బయటికి పోయే దారిలేక లోలోపల రేకును గుల్లచేస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది; లోపల బలం ఉండదు. ఈ కారుకు వేరుగా బలమైన చట్రం లేదు. రేకుల దేహమే బరువంతా మోస్తుంది. కాబట్టి ఏ రేకును ముందు కోయాలి, కోసేముందు దేహం వంగిపోకుండా ఎక్కడ ఆనికలు పెట్టాలి అన్నది తెలియనివాడు పనికి పూనుకొంటే తలుపులు మళ్లీ సరిగా మూతపడవు.

ఇంజనుకు సంబంధించిన మెలకువలూ ఇటువంటివే. దానిని చల్లబరిచే ఫ్యాను డైనమో ఇరుసుకే బిగించి ఉంటుంది. రెండింటినీ తిప్పేది ఒకటే బెల్టు. బెల్టు తెగితే బ్యాటరీకి విద్యుత్తు అందదు. ఇంజనుకు గాలీ అందదు. డైనమోకు సంబంధించిన ఎర్రదీపం వెలిగినప్పుడు కొత్తవాడు బ్యాటరీ సంగతి ఇంటికి వెళ్లి చూద్దామనుకొని ముందుకు పోతాడు. కొద్దిదూరంలోనే ఇంజను వేడెక్కి పాడవుతుంది. తెలిసినవాడు వెంటనే కారు ఆపుతాడు. అలాగే ఈ ఇంజనులో నూనెను వడగట్టడానికి కాగితపు ఫిల్టరు లేదు. ఇంజను చివర గిరగిర తిరిగే కప్పీలో మురికి అపకేంద్రబలం చేత అంచుకు చేరి పేరుకొంటుంది. కప్పీని విప్పి శుభ్రం చేయాలన్న సంగతి తెలియక, నూనె మాత్రమే మార్చి తృప్తిపడేవారు ఉంటారు. గేర్లు మార్చడం కూడా ఒక విద్యే. నేటి కార్లలో గేరుచక్రాల వేగాలను సమానం చేసే అమరిక 500లో లేదు. అందుచేత పై గేరు నుండి కింది గేరుకు రావాలంటే క్లచ్ నొక్కి గేరును మధ్యస్థానానికి తెచ్చి, క్లచ్ వదిలి ఇంజను వేగం పెంచి, మళ్లీ క్లచ్ నొక్కి గేరు వేయాలి. దీనిని ఇటాలియన్లు ‘దోప్పియెత్తా’ అంటారు. పుస్తకంలో చదివితే ఇది అర్థమవుతుంది కాని చేతికి రాదు. పక్కన కూర్చొని చెప్పేవాడు ఒకడు కావాలి.

ఇన్ని విషయాలు ఒక్కరికే తెలిసి ఉండటం అరుదు. ఒకరి దగ్గర కంపెనీవారి పాత మరమ్మతు పుస్తకం ఉంటుంది, పనిముట్లు ఉండవు. మరొకరికి రేకుపని బాగా తెలుసు. విద్యుత్తు తీగల పని తెలియదు. ఇంకొకరి పెరటిలో పనికిరాని కారు ఒకటి పడి ఉంటుంది. దానిలోని తలుపు మరో ఊరివారికి ప్రాణావసరం. వీరిని కలిపితే లోటు తీరుతుంది. ఈ అవసరం నుండే యజమానుల సంఘాలు పుట్టాయి. వాటిలో ముఖ్యమైనది ‘ఫియట్ 500 క్లబ్ ఇటాలియా’. లిగూరియా ప్రాంతంలోని గార్లెండా అనే చిన్న గ్రామంలో 1984లో ఇది ఏర్పడింది. ప్రతి ఏటా జులై నెలలో అక్కడ జరిగే సమ్మేళనానికి వివిధ దేశాల నుండి వందలాది 500 కార్లు తరలివస్తాయి. జాకోజా పేరుతో అక్కడ ఒక ప్రదర్శనశాల కూడా ఉంది. సంఘం వెలువరించే పత్రిక పేరుకు ‘నాలుగు చిన్న చక్రాలు’ అని అర్థం. పెద్ద నగరంలోనో, కర్మాగారం నీడలోనో కాక ఒక మారుమూల గ్రామంలో ఈ సంఘం వేళ్లూనడం గమనించదగిన విషయం. కారును ప్రేమించినవారు ఎక్కడ ఉన్నారో సంఘమూ అక్కడే పుట్టింది.

ఈ రకమైన సంఘాలలో సభ్యులు చేసుకొనే సహాయం అనేక విధాలుగా ఉంటుంది. మొదటిది, కారును సరిగా గుర్తించడంలో తోడ్పడటం. 500లో ఎన్, డి, ఎఫ్, ఎల్, ఆర్ అనే రకాలు ఉన్నాయి. 1960లో వచ్చిన డి రకంతో ఇంజను 499.5 సి.సి.కి పెరిగింది. 1965కు ముందు తలుపుల మడతబందులు వెనుకవైపు ఉండేవి. ఎఫ్ రకం నుండి ముందువైపుకు మారాయి. 1972లో వచ్చిన ఆర్ రకంలో 594 సి.సి. ఇంజను అమర్చారు. ఈ తేడాలు తెలియకుండా కొన్న భాగం కారుకు అతకదు. రెండవది, పనిని నేర్పడం. చేయి తిరిగినవారు ఇంజను విప్పుతుండగా కొత్తవారు పక్కన నిలిచి చూస్తారు. తరువాత తామే విప్పి బిగిస్తారు. మూడవది, పనిముట్లను ఎరువివ్వడం. ఏడాదికి ఒక్కసారి మాత్రమే అవసరమయ్యే పనిముట్టును ప్రతి ఇంట్లో కొని పెట్టుకోవలసిన అవసరం లేదు.

నాలుగవది, విడిభాగాలను తిరిగి తయారుచేయించడం. ఇది మిగిలినవాటి కంటె లోతైన విషయం. రబ్బరు పట్టీనో, రేకుభాగాన్నో తయారుచేయాలంటే ముందుగా అచ్చు చేయించాలి. ఖర్చులో సింహభాగం ఆ అచ్చుకే పోతుంది. ఒక్క పట్టీ కావాలంటే అచ్చు ఖర్చంతా దాని మీదే పడుతుంది. అవే వెయ్యి పట్టీలైతే ఆ ఖర్చు వెయ్యి భాగాలుగా చీలిపోతుంది. అక్కడక్కడ చెదరి ఉన్న యజమానులు ఒక్కటై ‘మాకు ఇన్ని కావాలి’ అని చెప్పగలిగినప్పుడే చిన్న కార్ఖానా యజమాని అచ్చు చేయడానికి ధైర్యం చేస్తాడు. పలువురి అవసరం ఒకచోట చేరితే అది ఒక మార్కెట్ అవుతుంది. పెద్ద కంపెనీ వదిలివేసిన బాధ్యతను చిన్న కార్ఖానాలు స్వీకరించగలిగాయంటే దానికి ఈ ఐక్యతయే కారణం.

ఈ బంధానికి దేశాల హద్దులు లేవు. ఆస్ట్రియాలో 500 దేహానికి వేరొక ఇంజను అమర్చి స్టైర్-పుఖ్ సంస్థ కార్లు తయారుచేసింది. న్యూజీలాండ్‌లో బిగించిన 500 కార్లను అక్కడివారు ‘బాంబీనా’ అని పిలుచుకొన్నారు. ఆ మాటకు చిన్నారి అని అర్థం. 500కు వారసురాలిగా 1972లో వచ్చిన ‘ఫియట్ 126’ పోలండులో 2000 సంవత్సరం వరకు తయారైంది. దాని ఇంజను 500 ఇంజను వంశానికి చెందినదే. తల్లికారు నిలిచిపోయినా బిడ్డకారు మరో పాతికేళ్లు తయారుకావడం వల్ల ఇంజనుకు సంబంధించిన భాగాలు కొన్ని పాత 500 యజమానులకు అందుబాటులో ఉండిపోయాయి. ఏ భాగం దేనికి సరిపోతుందో పరీక్షించి చూసినవారు చెప్పడం వల్లనే ఈ మేలు అందరికీ చేరింది.

అయితే ఇక్కడే ఒక చిక్కుప్రశ్న ఎదురవుతుంది. 126 గేరుపెట్టెను 500కు అమర్చవచ్చు. దానిలో మొదటి గేరు తప్ప మిగిలినవాటికి వేగాలను సమానం చేసే అమరిక ఉంది కనుక దోప్పియెత్తా శ్రమ ఉండదు. కారు నడపడం సులువవుతుంది. అలా చేస్తే అది ఇంకా 1957 నాటి కారేనా? కారు ఉన్నది తిరగడానికే కాబట్టి మార్పు తప్పుకాదని ఒక వర్గం వాదిస్తుంది. తాతల కాలం ఎలా ఉండేదో చెప్పేది ఆ శ్రమయే కాబట్టి, దాన్ని తొలగిస్తే చరిత్రను తొలగించినట్లేనని మరొక వర్గం అంటుంది. రంగు విషయంలోనూ ఇదే వివాదం. వెలిసిన రంగును గీకివేసి కొత్తరంగు వేస్తే కారు మెరుస్తుంది. కాని కర్మాగారంలో వేసిన అసలురంగు మళ్లీ తిరిగిరాదు.

ఈ ప్రశ్నను ప్రపంచస్థాయిలో చర్చించిన సంస్థ ‘ఫివా’. 1966లో ఏర్పడిన ఈ అంతర్జాతీయ సమాఖ్య 2012లో ‘టురిన్ పత్రం’ అనే మార్గదర్శక పత్రాన్ని ఆమోదించింది. పాత కట్టడాలను, శిల్పాలను కాపాడే విషయంలో పాటించే సూత్రాలను అది వాహనాలకు అన్వయించింది. ఉన్నదాన్ని ఉన్నట్లు నిలుపుకోవడం, చెడిపోకుండా సంరక్షించడం, పోయినదాన్ని పునరుద్ధరించడం అనేవి వేర్వేరు పనులని ఆ పత్రం వివరించింది. చేసే మార్పు సాధ్యమైనంత తక్కువగా ఉండాలని, చేసినదాన్ని నమోదుచేసి ఉంచాలని సూచించింది. మార్చడం, మార్చకపోవడం యజమాని ఇష్టం కావచ్చు. కాని ఏది మార్చారో రాసిపెట్టకపోవడం, తీసిన అసలు భాగాన్ని పారవేయడం తరువాతి తరానికి చేసే అన్యాయం. ఆ భాగాన్ని భద్రపరిస్తే ఎప్పటికైనా తిరిగి అమర్చుకోవచ్చు.

సంఘం అనగానే అందరూ ఉదారులే అనుకోవడం పొరపాటు. దొరకని భాగాలను పోగుచేసి, ధర పెరిగేవరకు దాచేవారు ఉంటారు. తుప్పుపట్టిన రేకు మీద లప్పం పూసి, పైన రంగువేసి, పూర్తిగా బాగుచేసిన కారుగా అమ్మేవారూ ఉంటారు. దాచిపెట్టిన తుప్పు కారుకే కాదు, నమ్మకానికీ చేటు. నమ్మకం సడలినచోట ఎవరూ మరమ్మతు రహస్యం చెప్పరు, పనిముట్టు ఎరువివ్వరు. అందుచేత ఇటువంటి సంఘాలు నిలవాలంటే కొన్ని అలిఖిత నియమాలు అవసరం. తీసుకొన్న పనిముట్టును శుభ్రంచేసి తిరిగి ఇవ్వాలి. తాను విజయం సాధించిన సంగతినే కాక విఫలమైన ప్రయత్నాన్నీ చెప్పాలి. ఈ రోజు సహాయం పొందినవాడు రేపు మరొకరికి సహాయపడాలి. మేలు చేసినవారికే మేలు తిరిగి చేయడం అప్పు తీర్చడం వంటిది. మరొకరికి చేయడమే పరోపకారం.

ఈ కథలో మన దేశానికీ స్థానం ఉంది. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ 1950వ దశకం ఆరంభంలో ఫియట్ 500 కార్లను బొంబాయిలో బిగించి అమ్మింది. తరువాత అదే సంస్థ ఫియట్ 1100 కారును తయారుచేసింది. 1970వ దశకంలో ఆ కారుకు ‘ప్రీమియర్ పద్మిని’ అనే పేరు వచ్చింది. పేరు మారినా తెలుగునాట చాలామంది దానిని ‘ఫియట్ కారు’ అనే పిలిచారు. స్టీరింగు పక్కనే ఉండే గేరుకడ్డీ దాని ప్రత్యేకత. అంబాసిడర్‌తో పాటు పద్మిని కూడా అనేక దశాబ్దాలపాటు మన రోడ్లను ఏలింది. ముంబయిలో నలుపు, పసుపు రంగుల టాక్సీగా అది ఆ నగరానికి గుర్తుగా నిలిచింది. 2003 తరువాత కొత్త పద్మిని టాక్సీలు నమోదు కాలేదు. టాక్సీలకు విధించిన ఇరవై ఏళ్ల గడువు ముగియడంతో 2023 అక్టోబరు చివరినాటికి అవి ముంబయి వీధుల నుండి తప్పుకొన్నాయి. కనీసం ఒక్క కారునైనా ప్రదర్శనశాలలో భద్రపరచాలనే కోరిక ఆ సందర్భంలో వినిపించింది.

పాత వాహనాల విలువను మన చట్టం కూడా గుర్తించింది. యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాలను ప్రత్యేకంగా నమోదు చేయడానికి కేంద్రప్రభుత్వం 2021లో నియమాలు ప్రకటించింది. అటువంటి వాహనాల సంఖ్యాఫలకంలో ‘వీఏ’ అనే అక్షరాలు ఉంటాయి. వాటిని ప్రదర్శనలకు, మరమ్మతులకు తీసుకువెళ్లవచ్చు గాని నిత్యం నడపకూడదు, కిరాయికి తిప్పకూడదు.

చట్టం కారును కాపాడగలదు. కాని ఆ కారును బాగుచేసే విద్యను చట్టం కాపాడలేదు. చెట్టుకింద నిలబడి ఇంజను శబ్దం విని, ఏ వాల్వులో లోపముందో చెప్పగలిగిన మెకానిక్కులు మన ఊళ్లలోనూ ఉండేవారు. దొరకని భాగాన్ని లేతు మిషను మీద కొత్తగా చేసి ఇచ్చిన టర్నర్లు ఉండేవారు. వారిలో అనేకులు పాఠశాల చదువు లేనివారు. తమ విద్యను పక్కన పనిచేసే కుర్రవాడికి చూపించారు, పుస్తకంలో పెట్టలేదు. చేతిలో ఉన్న విద్య కాగితం మీదికి రాలేదు. ఆ కుర్రవాడు మరో వృత్తిలోకి వెళ్లిపోతే ఆ విద్య అక్కడితో ఆగిపోతుంది. కారు తుప్పుపడితే కంటికి కనిపిస్తుంది. విద్య అంతరించడం ఎవరి కంటికీ కనిపించదు.

ఇటలీ చిన్న కార్ల యజమానుల అనుభవం నుండి గ్రహించవలసిన అంశం ఇదే. వారు కాపాడినది ఇనుపరేకులను మాత్రమే కాదు. వాటి వెనుక ఉన్న జ్ఞానసంపదను. వేర్వేరు భాషలు మాట్లాడేవారు, వేర్వేరు వృత్తులలో ఉన్నవారు ఒక చిన్న ఇంజను చుట్టూ కూర్చొని తమకు తెలిసినది చెప్పుకొన్నారు, తెలియనిది అడిగారు. విద్య ఇచ్చేకొద్దీ పెరుగుతుందని మన పెద్దలు చెప్పిన మాట గ్రంథవిద్యకు ఎంత వర్తిస్తుందో చేతిపనికీ అంతే వర్తిస్తుంది. ఊరిలోని మెకానిక్కు, వడ్రంగి, గడియారాలు బాగుచేసే వృద్ధుడు, వీరిలో ప్రతి ఒక్కరూ ఒక గ్రంథాలయం వంటివారు. వారి దగ్గరకు వెళ్లి అడిగేవారు, విన్నది రాసిపెట్టేవారు, మరొకరికి చెప్పేవారు ఉన్నంతకాలం ఆ గ్రంథాలయం మూతపడదు.

కఠిన పదాలకు అర్థాలు

చేయూత = సహాయం, ఆసరా
లోకసహజం = లోకంలో సాధారణంగా జరిగేది
జీవనోపాధి = బతుకుతెరువు
ఆనిక = ఒరిగిపోకుండా పెట్టే ఆధారం
చట్రం = వాహనానికి ఆధారంగా ఉండే బలమైన నిర్మాణం
కప్పీ = బెల్టు పట్టి తిరిగే చక్రం
అపకేంద్రబలం = గిరగిర తిరిగే వస్తువును కేంద్రం నుండి బయటికి నెట్టే బలం
సింహభాగం = ఎక్కువ భాగం
లప్పం = గుంటలు కనిపించకుండా పూసే ముద్ద
అలిఖితం = రాయబడనిది
పునరుద్ధరించడం = పూర్వస్థితికి తీసుకురావడం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పాత చిన్న కార్ల యజమానులు ఒకరికొకరు చేసుకొనే సహాయం ఎన్ని విధాలుగా ఉంటుందో వివరించండి.
2. పాతకారును మార్చడం గురించిన రెండు వాదాలను తెలిపి, టురిన్ పత్రం చూపిన మార్గాన్ని చర్చించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. కొత్త 500 కారు రూపకల్పనలోని పొదుపును వివరించండి.
2. విడిభాగాల తయారీకి యజమానుల ఐక్యత ఎందుకు అవసరం?
3. మన దేశంలో ఫియట్ కార్ల చరిత్రను సంగ్రహంగా రాయండి.
4. ‘విద్య అంతరించడం ఎవరి కంటికీ కనిపించదు’ అనడంలోని ఆంతర్యమేమిటి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘టొపొలీనో’ అనే మాటకు అర్థమేమిటి?
2. ఫియట్ 500 క్లబ్ ఇటాలియా ఏ గ్రామంలో ఏర్పడింది?
3. 500 కారులో ఇంజనును చల్లబరిచే ఫ్యాను దేనికి బిగించి ఉంటుంది?
4. మన దేశంలో పాత వాహనాల ప్రత్యేక నమోదు నియమాలను ఏ సంవత్సరంలో ప్రకటించారు?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు
1. తెలిసినవాడు వెంటనే కారు ఆపుతాడు.
2. దాచిపెట్టిన తుప్పు కారుకే కాదు, నమ్మకానికీ చేటు.
3. చేతిలో ఉన్న విద్య కాగితం మీదికి రాలేదు.

V. సంధులు
1. చేయూత = చేయి + ఊత – ఇత్వసంధి
2. జీవనోపాధి = జీవన + ఉపాధి – గుణసంధి
3. పరోపకారం = పర + ఉపకారం – గుణసంధి
4. ప్రాణావసరం = ప్రాణ + అవసరం – సవర్ణదీర్ఘసంధి
5. అక్కడక్కడ = అక్కడ + అక్కడ – ఆమ్రేడితసంధి

VI. సమాసాలు
1. తల్లిదండ్రులు – తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
2. పాతకారు – పాతదైన కారు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
3. వాననీరు – వాన యొక్క నీరు – షష్ఠీ తత్పురుష సమాసం
4. జ్ఞానసంపద – జ్ఞానమనెడి సంపద – రూపక సమాసం

VII. ప్రాజెక్టు పని
మీ ఊరిలో పాత యంత్రాలను బాగుచేసే ఒకరిని కలిసి, వారి పనిలోని మెలకువలను అడిగి తెలుసుకొని రెండు పుటలకు మించకుండా రాయండి.